నీలమ్మ అపాయింట్‌మెంట్ ఆర్డరు

ఈ ఉదయం మా ఆఫీసు ప్రింటరు ఒక ఆఫర్ లెటర్‌ని బయటికి నెట్టింది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, ఏ వాసనా లేదు. నేను జీవితంలో మొదటిసారి టైపు చేసిన ఆర్డరుకి కాల్చిన జీడి పిక్కల పొగ వాసన ఉండేది. పలాసలో మా ఫ్యాక్టరీ నుంచి వెళ్ళే ప్రతి కాగితానికీ, మా చీరలకీ, ఆఖరికి నా టిఫిను డబ్బాలోని ఇడ్లీలకీ అదే వాసన. విశాఖపట్నంలో చల్లటి గదిలో కూర్చుని ఆ పొగ వెతుక్కోవడం ఏమిటో! వెతుక్కుంటే మాత్రం దాని వెనక పాపారావు గారు కనిపించారు. ఇక నవ్వు ఆగలేదు.

పాపారావు గారు మా మేనేజరు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. టెక్కలిలో టైపు హయ్యరు పాసై, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేనక్కడ చేరేసరికి ఆయన ఇరవై రెండేళ్ళుగా ఆ ఫ్యాక్టరీలో ఉన్నారు. ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ ఉత్తరమైనా సరే, అందుకునే మనిషికి అదెలా వినిపిస్తుందో చూడందే పంపేవారు కాదు. అందుకని తనే ఆ మనిషైపోయేవారు. కరెంటాఫీసుకి రాస్తే కుర్చీలో వెనక్కి వాలి, నోట్లో లేని కిళ్ళీ నములుతూ "ఊఁ, సదువు" అనేవారు. బ్యాంకుకి రాస్తే కళ్ళజోడు ముక్కు మీదికి దించి, నేను రెండో వాక్యానికి రాకముందే "కుదరదు" అనేవారు. వెంటనే మళ్ళీ మేనేజరైపోయి, "సూసినావా అమ్మడూ, ఆయనక్కడే ఆగిపోతాడు. మార్చి రాయి" అనేవారు. ఈయనకేదో గాలి సోకిందనుకున్నాను. నెల తిరక్కుండా బ్యాంకువాళ్ళు సరిగ్గా ఆయనన్న చోటే పేచీ పెట్టారు. అప్పట్నుంచి నోరు మూసుకుని చదివాను.

నీలమ్మ ఉద్దానం తోటల మనిషి. రోజూ బస్సులో వచ్చి మా ఫ్యాక్టరీలో జీడిపప్పుని రకాలుగా ఏరేది. గుండు, బద్ద, ముక్క ఆమె చేతికి వాటంతటవే విడిపోయేవి. పన్నెండేళ్ళు రోజుకూలి మీదే చేసింది. ఏ సాయంత్రమైనా "రేపు రాకు" అంటే అంతే సంగతులు. నేను చేరిన ఆ ఏడే సోంపేట వైపు కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీ వాళ్ళు ఆమెకి కబురు పంపారు. అది తెలిసి మా యజమాని, మేమందరం సావుకారు గారనే పెద్దాయన, ఉలిక్కిపడ్డారు. "దాన్ని పర్మనెంటు సేసీయండి. సాయంత్రం బండికి కలకత్తా ఎల్తన్నాను, ఈలోగా కాగితం తెండి" అన్నారు. వెళ్తే నెల దాకా రారు. ఒక్క రాత్రిలోనే మనసు మార్చుకునే మనిషికి నెల రోజులంటే నీలమ్మ ఉద్యోగం నీటిమీద రాతే.

నేనంతకుముందు ఆర్డరన్నది టైపు చేసి ఎరగను. పాపారావు గారి బావమరిదికి విశాఖపట్నంలో ఒక ఓడల కంపెనీ ఇచ్చిన ఆర్డరు నకలు ఉంది. "పేర్లు మార్చి మక్కీకి మక్కీ దింపీ" అన్నారు. దింపేశాను. ఒక్క తప్పు లేదని మురిసిపోయాను కూడా.

పదకొండింటికి నీలమ్మని పిలిచి బల్ల పక్కన కూర్చోబెట్టారు. పాపారావు గారు అలవాటు ప్రకారం నా ఎదురు కుర్చీలో కూర్చుని, కండువాని పైటలా కప్పుకుని, "నేను నీలమ్మని. సదువు" అన్నారు. అసలు నీలమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. నేను ఇంగ్లీషుని తెలుగు చేస్తూ చదివాను.

"మొదటి ఆరు నెలలూ మీ పని పరీక్షిస్తాం. నచ్చకపోతే కారణం చెప్పకుండా తీసేస్తాం."

పాపారావు గారు మెలికలు తిరుగుతూ, "సరే బాబూ, మీ దయ" అన్నారు.

"కంపెనీకి ఏ రేవులో పనుంటే ఆ రేవుకి బదిలీ చేస్తాం. అవసరమైతే సముద్రం మీద కూడా పని చెయ్యాలి."

"అలాగే ఎల్తాను బాబూ."

"నానెల్లను" అంది అసలు నీలమ్మ. "పడవెక్కితే డోకొత్తాది నాకు. మాం తోటలోళ్ళం, సేపల ఏటకెల్లినోళ్ళం గాదు. పప్పేరడానికి సముద్రం మీదకెందుకు బాబూ?"

పాపారావు గారు గబుక్కున పైట తీసేసి నావైపు చూశారు. నేను టైపు మిషనువైపు చూశాను.

"అది కొట్టీగలం. మిగతాది బాగానే ఉంది గదా?" అన్నారాయన.

"ఏటి బాగుంది? పన్నెండేళ్ళు సేసినాక ఇంకా ఆర్నెల్లు పరీచ్చేటి? ఇన్నాళ్ళూ రేపు రావద్దని నోటితో అన్నారు. ఇకనుంచి కాగితం సూపించి అంటారు. అంతే గదా?" అంది నీలమ్మ. "అయినా నానెప్పుడు మెలికలు తిరిగినాను? మీ దయ అని ఎప్పుడన్నాను?"

నీలమ్మ కొంచెం మెత్తబడి, "మీ ఆర్డర్లో కూడా ఇలాగే రాసినారేటి బాబూ?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగా తెలుసుకుందామనే.

పాపారావు గారు కండువా మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు. "నాకు ఆర్డరు లేదమ్మా" అన్నారు. అందరి గొంతులతోనూ మాట్లాడిన మనిషి ఇరవై రెండేళ్ళలో తన గొంతుతో ఒక్క కాగితం అడగలేదు. నాకు జాలేసింది, ఒళ్ళూ మండింది.

సముద్రం ముక్క, పరీక్ష ముక్క రెండూ తీసేద్దామంటే సావుకారు గారు మొదట ఒప్పుకోలేదు. "అన్నీ తీసీసినాక అది ఆర్డరెలాగయ్యా అవుతాది?" అన్నారు. పాపారావు గారు ఈసారి నటించలేదు. వెళ్ళి నీలమ్మని తీసుకొచ్చి ఆయన ఎదురుగా నిలబెట్టి, "మీరే అడగండి" అన్నారు. నీలమ్మ తడుముకోలేదు. "ఆ పరీచ్చ ముక్క ఉంటే నాను సోంపేట బస్సెక్కుతానండి" అంది. సావుకారు గారు కలం తీసి ఆ ముక్క కొట్టేశారు.

తిరిగి టైపు చేసేటప్పుడు నేనొక దొంగపని చేశాను. పాపారావు గారి పేర కూడా ఒకటి కొట్టి, నీలమ్మ ఆర్డరు కింద పెట్టి పంపాను. సావుకారు గారు రెండింటి మీదా చూడకుండా సంతకం గీకేశారు. తన పేరున్న కాగితం అందిస్తే పాపారావు గారు మూడుసార్లు చదువుకున్నారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత, "ఆయన సదివే సంతకం పెట్టినారా?" అన్నారు.

"లేదండి."

"అయితే సెల్లదు" అని రెండు ముక్కలు చేశారు. నేను లబోదిబోమంటుంటే, "అది సరే, నీదేదీ?" అన్నారు.

"నాదేమిటండి?"

"ఇద్దరికి కొట్టినావు. నీకు కొట్టుకోవాలని తోచలేదేటి?"

నిజంగానే తోచలేదు. దీపం కింద చీకటంటే నేనే.

ఆ సాయంత్రం ఆయనా నేనూ రెండు కొత్త కాగితాలతో పలాస స్టేషనుకి పరిగెత్తాం. సావుకారు గారు అప్పటికే కిటికీ పక్కన కూర్చుని అరటిపండు ఒలుచుకుంటున్నారు. "ఇటియ్యవయ్యా, పెట్టీస్తాను" అంటే ఈయన ఇవ్వరు. "ముందు వినండి" అని ప్లాట్‌ఫాం మీద నిలబడి తన ఆర్డరు, తర్వాత నాది, పెద్ద గొంతుతో చదివారు. పెట్టెలో వాళ్ళందరూ విన్నారు. పై బెర్తు మీద ముసలాయన "ఇరవై రెండేళ్ళా? పెట్టీయండి బాబూ, పాపం" అని సిఫార్సు కూడా చేశాడు. సావుకారు గారు అరటిపండు పక్కన పెట్టారు. తర్వాత "నీకు లేదన్న సంగతి నాకు తెలీదయ్యా" అన్నారు. మొదటి సంతకం కుదురుగా పడింది. రెండోది పడుతుండగా బండి కదిలింది.

ఆ వంకర సంతకం ఆర్డరు నా బీరువాలో ఉంది. పాపారావు గారు లేరు. ఇప్పుడు ఆర్డర్లు ఇచ్చే కుర్చీలో నేనున్నాను. కాగితం పంపేముందు మనిషిని పిలిచి చదివి వినిపిస్తాను, వాళ్ళ తరఫున నేను తలూపను. వాళ్ళు వద్దన్న ముక్క కొట్టేస్తే, పైవాళ్ళు ఎందుకు కొట్టేశావంటారు. జవాబు నేను చెప్పను. ఆ మనిషిని పైవాళ్ళ గదిలోకి తీసుకెళ్ళి, ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీరే అడగండి అంటాను.