సంచి బరువు

"అవ్వా, సంచి గూడ తూకంల వస్తది. తొక్కు డబ్బా తీసెయ్యి."

"అంగట్ల వడ్లు తూస్తే బస్తా బరువు తీసేస్తరు గద?"

"గది అంగడి, ఇది ఇమానం! ఏడు కిలోలు దాటితే పైసలు కట్టాలె. ఇమానం నువ్వెప్పుడన్న ఎక్కినవా?"

"నువ్వెక్కినవా మరి?"

నాతో అలా వాదించింది దుబాయికి కూలికి పోతున్న నా చిన్నకొడుకు, ఆ చేతిసంచి వాడిదే. ఎల్లారెడ్డి కిరాణాకొట్టులో తూయిస్తే సామానే ఏడు కిలోలు, ఖాళీ రెగ్జిన్ సంచి ఇంకో కిలో. మొదటి జీతం వచ్చేదాకా వాడు కూర కొనే పని లేకుండా ఆ తొక్కుపచ్చడి పెట్టాను. చొక్కాలు తీశాను, మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. ఒకచోట కూర్చోలేకపోయాను.

మర్నాడు పొద్దున వాడు సామానంతా బట్టసంచిలోకి మార్చుకుని, మూడు చొక్కాలు ఒకదానిమీద ఒకటి తొడుక్కుని కామారెడ్డి బస్సెక్కాడు. తొక్కు డబ్బా తీసుకుపోయాడు.