అద్దానికి బొట్టు

పాడుబడిన టెలిస్కోపును బాగుచేస్తానని ఎవరైనా అంటే, ముందు ఇంట్లోవాళ్లను బాగుచేసుకోమని చెప్తాను. ఇనుముకు పట్టిన తుప్పు గీకితే పోతుంది. మా చిన్నమ్మ అభిప్రాయాలు గీకినా పోవు.

దేవనహళ్ళిలో మా చిన్నాయన ఇంటి పెరట్లో ఒక రేకుల గది ఉంది. కాటన్‌పేటలో నూలు వ్యాపారం చేసే రోజుల్లో, సెలవు దొరికినప్పుడల్లా దగ్గరుండి ఆయన కట్టించుకున్న, చుక్కలు చూసే వేధశాల అది. పైకప్పు పట్టాల మీద పక్కకు జరుగుతుంది, కింద నిలువెత్తు టెలిస్కోపు. చిన్నమ్మ దాన్ని సవతి అనేది. చాటుగా కాదు, నలుగురిలోనే అనేది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా అందులో కన్ను పెట్టి చూడలేదని గొప్పగా చెప్పుకునేది. తర్వాత విమానాశ్రయం వచ్చింది. దాని వెలుతురుకు చుక్కలు పోయాయి, చిన్నాయనకు ఓపిక పోయింది, గది చిన్నమ్మ వశమైంది.

నేను తలుపు తీసేసరికి లోపల ఎండుమిరపకాయల మూటలు, చెడిపోయిన మిక్సీలు, కొబ్బరిచిప్పల గుట్ట. టెలిస్కోపు గొట్టాన్ని మూలన నిలబెట్టి అందులో గొడుగులు దాచారు. పోనీ ఆ గొడుగులైనా బాగున్నాయా అంటే ఒక్కటీ తెరుచుకోదు.

ఇదంతా నెత్తికెత్తుకోవడానికి కారణం చిన్నాయన కళ్లు. నీటికాసులు, అదే గ్లకోమా. కుడికన్ను అప్పటికే పోయింది. ఎడమకంటి నరం కూడా ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ డాక్టరు తేల్చేశాడు. చిన్నాయన ఏడవలేదు, ఏ దేవుడికీ మొక్కుకోలేదు. చంద్రుడి మీది గుంతలు ఇంకొక్కసారి చూడాలన్నాడు. ఆ చూపు ఉండగానే చూపించాలి. కుందలహళ్ళిలో అద్దెకుండే నాకు ఆదివారాలు ఖాళీ అని ఆయనకు ఎవరు చెప్పారో గానీ, పని నా మీద పడింది.

వెల్డింగు షాపాయన ఎప్పుడు వెళ్లినా "నాళె బన్ని" అనేవాడు, అంటే రేపు రమ్మని. కుందలహళ్ళి నుంచి దేవనహళ్ళికి ఆ ట్రాఫిక్‌లో రోజూ వెళ్లి రావాలంటే మనిషి ఉద్యోగం మానుకోవాలి. అతగాడి రేపు ఏ క్యాలెండరులోనూ లేదు. చివరికి ఎలాగో కప్పుకు చక్రాలు వేయించి, పట్టాలకు గ్రీజు పూసి నెడితే, సగం దూరం వచ్చి మొండికేసింది. చూద్దును కదా, కప్పు చివరికి చిన్నమ్మ బట్టలారేసే తీగ కట్టి ఉంది. విప్పమంటే, బట్టలు నీ నెత్తిన ఆరేయాలా అని అడిగింది.

టెలిస్కోపు లోపలుండే పెద్ద అద్దం మీది మెరుపు పూత పొట్టు పొట్టుగా లేచిపోయింది. దాన్ని పంపి కొత్త పూత వేయించేసరికి వానాకాలమంతా గడిచింది. పూత వేసినాయన ఒకటే చెప్పాడు, దీన్ని వేలితో ముట్టుకోవద్దు, గుడ్డతో తుడవొద్దు అని. ఆ మాట ఇంట్లో ఇద్దరికీ చెప్పాను. చిన్నమ్మకు రెండుసార్లు చెప్పాను.

అద్దం ఆయుధపూజకు ముందురోజు చేతికొచ్చింది. నవమి చంద్రుడు పొద్దుగుంకేసరికే పైకెక్కి ఉంటాడు, గుంతలు బాగా తేలి కనిపిస్తాయి. పండగనాడే చూపిద్దామని అద్దాన్ని బల్ల మీద పెట్టి, తెల్లటి గుడ్డ కప్పి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి ఇంట్లో ప్రతి వస్తువూ పూజ చేయించుకుని కూర్చుంది. స్కూటరుకు బంతిపూల దండ, గ్రైండరుకు బొట్టు, కత్తిపీటకు బొట్టు. చెడిపోయిన మిక్సీలకు కూడా బొట్టు. పరుగెత్తుకెళ్లి గుడ్డ తీశాను. తళతళలాడే అద్దం నడిమధ్యన తడి గంధం, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ.

ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. చిన్నమ్మ కుంకుమ భరిణె పట్టుకుని, వీడికేం పట్టిందన్నట్లు చూసింది.

"ఇంట్లో అన్నిటికీ పెట్టి దానికొక్కదానికి ఇన్నేండ్లు పెట్టకుండా ఉంటిని. అందుకే అట్లా పాడై పడి ఉండాదేమో."

పెట్టేదేదో గొట్టానికి పెట్టొచ్చు కదా అన్నాను.

"దేవుడికి బొట్టు మొగానికి పెడతారా, వీపుకు పెడతారా?"

తుడిస్తే పూత గీసుకుపోతుంది. కడగడమంటే నింపాదిగా చేయాల్సిన పని, పండగ హడావుడిలో అయ్యేది కాదు. వరండాలో కుర్చీలో కూర్చున్న చిన్నాయన మాత్రం నవ్వాడు. అద్దం మీద ఈగ వాలితే చంద్రుడు దాక్కుంటాడా, మిగతా అద్దమంతా పనిచేస్తుంది కదా, అట్లే బిగించు అన్నాడు. ఆ సంగతి చిన్నప్పుడు నాకు నేర్పిందీ ఆయనే. అయినా నా కడుపుమంట చల్లారలేదు. అద్దం బిగిస్తూ తిట్టాను, భోజనం దగ్గర తిట్టాను. చిన్నమ్మ ఒబ్బట్ల మీద నెయ్యి వేస్తూ అన్నీ వింది.

సందెచీకట్లు పడుతుండగా చిన్నమ్మ చేత తీగ విప్పించి, ఇద్దరం కలిసి కప్పు జరిపాం. మబ్బు లేదు. ముందు నేను చూశాను. చిన్నాయన చెప్పినట్లే చంద్రుడు నిండుగా దిగాడు, బొట్టు జాడే లేదు. అంచు వెంబడి గుంతలు, వాటి నీడలు, చెయ్యి చాపితే తగిలేలా ఉన్నాయి. ఇన్నాళ్ల విసుగూ ఎటో పోయింది, సంతోషంతో గట్టిగా చిన్నాయనను పిలిచాను. ఆయన గోడ పట్టుకుని, తర్వాత నా భుజం పట్టుకుని వచ్చి, ఎడమకన్ను ఆనించాడు.

చంద్రుడు పక్కకు తప్పుకున్నప్పుడల్లా గొట్టం జరిపి మళ్లీ మధ్యకు తెచ్చాను. ఆ వెలుగు చిన్న చుక్కలా ఆయన కంట్లో పడుతోంది, పక్కన నిలబడిన నాకు కనిపిస్తూనే ఉంది. ఆయన తలెత్తి, మేమున్న వైపు కాకుండా తలుపు వైపు తిరిగి మాట్లాడాడు.

"బొట్టు అడ్డమొచ్చినట్లుండాదప్పా. అంతా చీకటిగా ఉండాది."

పొద్దున ఈగ సంగతి చెప్పిన మనిషి. ఆ చూపు ఎప్పుడు పోయిందో, ఎన్నాళ్లుగా మాకు చెప్పకుండా గోడలు పట్టుకుని తిరుగుతున్నాడో. వెల్డింగువాడి మీద, వానాకాలం మీద, ఆ డాక్టరు మీద పట్టరాని కోపం వచ్చింది.

చిన్నమ్మ నన్ను పక్కకు నెట్టింది. కొంగు దోపుకుని వంగి, మొదటిసారిగా ఆ సవతిలో కన్ను పెట్టింది. ఆమె నోరు మెల్లగా తెరుచుకుంది. ఎంతసేపటికీ తల తీయలేదు. తీశాక కొంగుతో కళ్లు తుడుచుకుని, మామూలు గొంతుతో మాట్లాడింది.

"అవును, ఏమీ కనపడల్యా. అంతా నా బొట్టే. కడిగినాక చూద్దాం లే."

చిన్నాయన తలూపాడు. చిన్నమ్మ నా వైపు తిరిగి, పొద్దున్నుంచీ లేచిన నోరు ఇప్పుడెందుకు పడిపోయిందన్నట్లు చూసింది. ఆమె ఏం అడుగుతోందో నాకు అర్థమైంది.

గొంతు సవరించుకుని, పొద్దుటి తిట్లన్నీ మొదటి నుంచి మళ్లీ అందుకున్నాను. అద్దానికి ఎవరైనా బొట్టు పెడతారా, బంగారంలాంటి పండగపూట ఆయనకు చంద్రుణ్ణి చూడనివ్వకుండా చేశావు కదా అని. ఆమె తలొంచుకుని నిలబడింది. చిన్నాయన చేత్తో తడుముతూ ఆమె చెయ్యి అందుకుని, పోనీలేప్పా, తిట్టొద్దు అన్నాడు. ఆపితే ఏడుపొస్తుందని ఇంకా గట్టిగా తిట్టాను.