శ్లేష్మానికి అక్క

ఒక్క పదం ఎక్కడ పుట్టిందో చెప్పి, సొంత చెల్లెలు గెలిచిన యుద్ధాన్ని ఒక్క నిమిషంలో ఓడగొట్టిన ఘనుణ్ణి నేను. పగవాడైనా అంత శ్రద్ధగా చేయడు.

మా చెల్లెలు హేమకు ఆడపిల్ల పుట్టింది. తొండియార్‌పేటలో ఉండే అత్తగారు పిల్లకు తన పేరే పెట్టాలన్నారు. ఆవిడ పేరు కుప్పమ్మ. షోళింగనల్లూరు ఆఫీసులో పదిమందిని గడగడలాడించే హేమ, ఇంట్లో నెలరోజులు ఏడ్చి, అలిగి, చివరికి 'ఆశ్లేష' అన్న పేరుకు ఆవిడను ఒప్పించింది.

బారసాల నాడు పిల్ల తండ్రి పళ్ళెంలోని బియ్యంలో ఉంగరంతో 'ఆశ్లే' దాకా రాశాడు.

"అర్థమేంది నాయనా?" అని కుప్పమ్మగారు నన్నడిగారు.

"కౌగిలి, అత్తమ్మా."

అక్కడ ఆగి ఉంటే మనిషిననిపించుకునేవాణ్ణి. కానీ ఆ మధ్యే నిఘంటువులు కొన్నాను. కొత్త చెప్పులవాడు కాలు ఊపకుండా కూర్చోగలడా, మీరే చెప్పండి!

"శ్లిష్ అనే ధాతువు. అంటే అంటుకోవడం. శ్లేష్మం కూడా దాన్నుంచే పుట్టింది."

"శ్లేష్మమా? అదేంది?"

హేమ నా కాలు తొక్కింది. ప్రోత్సాహం అనుకున్నాను.

"తెమడ, చీమిడి. అంటుకుంటుంది గదా, అందుకని."

"సళియా! పిల్లకి చీమిడి అని పేరా?"

"అబ్బే, అది వేరు. రెండూ అక్కాచెల్లెళ్ళు, అంతే."

సరిగ్గా అప్పుడే పిల్ల తుమ్మింది. ధాతువు అర్థం దాని పైపెదవి మీద ప్రత్యక్షమైంది.

"అదో, చెల్లెలూ వొచ్చేసింది!" అన్నారు కుప్పమ్మగారు. హాలంతా గొల్లుమంది.

"అన్నా, నోరు మూస్తావా?"

"ఉన్నమాట చెప్పొద్దా హేమా? వ్యాకరణం..."

"పోదుం, చాలిక! నీ వ్యాకరణం నీ కూతురికి పెట్టుకో!"

పిల్ల తండ్రి నిట్టూర్చి, బియ్యం చదును చేసి, మళ్ళీ 'కు'తో మొదలుపెట్టాడు. హేమ కళ్ళు తుడుచుకోవడం చూశాను. నా పాండిత్యం ఆ క్షణంలోనే చచ్చింది.

కుప్పమ్మగారు మాత్రం ప్రతి పండక్కీ "మా పండితుడికి" అంటూ మైసూర్‌పాకు పంపుతారు. సిగ్గులేకుండా తింటాను.

మొన్న రెండో బిడ్డ బారసాలకు హేమ నన్నూ పిలిచింది. అందరికీ ఉదయం తొమ్మిదింటికి. నాకొక్కడికి భోజనాలయ్యాక.

కాబట్టి పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ పేరుకు అర్థం అడిగినా "బాగుంది" అంటాను. ఆపైన గొంతుదాకా ఏమొచ్చినా, దాని పుట్టుపూర్వోత్తరాలతో సహా మింగేస్తాను.