తిట్టుకో సగం టీ

చెవుల షావుకారు చెవి ఎంత చురుకంటే, పక్క వీధిలో ఎవరైనా అబద్ధమాడితే ఇక్కడ కొట్లో కూర్చుని "ఎవరికో శృతి తప్పింది" అని తల ఎత్తేవాడట. ఆయన అమ్మేది యుకులేలేలు. గిటారు కడుపున పుట్టిన కడగొట్టు కూతురిలా ఒళ్ళో ఒదిగే వాయిద్యం, నాలుగే తీగలు. ఆయన దగ్గర తిట్లు తినని పనివాడు లేడు, అలిగి మానేసినవాడూ లేడు. ఎవర్ని తిడితే వాళ్ళకి తన టీలో సగం పోసేవాడు మరి.

చూపు మందగించిన పాత పనివాడు ఇంటిపట్టున ఉండిపోవడంతో, ఇరవై ఏళ్ళు బట్టలు కుట్టిన టైలరమ్మ తీగలు బిగించడానికి చేరింది. టేపు ఇంకా మెడలోనే ఉంది. కిటికీ పక్క పనిబల్ల ఆమెకి ఖాయమో కాదో ఆ రోజే తేలాలి. నాలుగింటికి పాటల టీచరు వచ్చి స్కూలుకి పన్నెండు యుకులేలేలు పట్టుకెళ్తుంది. అవి సరిగ్గా పలికితే బల్ల ఆమెది. లేదంటే మళ్ళీ కుట్టుమిషనూ, చంకల్లో బిగుతైందన్న గొడవలూను.

పదకొండుకల్లా పన్నెండూ బిగించేసింది. షావుకారు ఒకటి అందుకుని మీటాడు. ముఖం ఆముదం తాగినట్టయింది.

"తీగలు ఏ వరసలో వేశావమ్మా?"

"లావు నుంచి సన్నానికి, బాబాయ్ గారూ. దారపు కండెలు పేర్చినట్టు."

"దీనికి రెండు చివర్లా సన్నవే ఉండాలి. లావుది రెండో చోట. తీగల ప్యాకెట్ మీద నంబర్లున్నాయిగా?"

"అచ్చుతప్పనుకుని నేనే సరిచేశాను."

"అచ్చేసినవాడు నీ దగ్గర చదువుకోవాల్సింది." గ్లాసులో సగం టీ పోశాడు. "ఇప్పుడు విప్పి బిగించినా లాభం లేదు. కొత్త తీగ సాగుతూనే ఉంటుంది, శృతి జారుతూనే ఉంటుంది. కుదురుకోడానికి రెండు రోజులు."

టైలరమ్మ టీ ఒక్క గుక్కలో మింగేసింది. "కొత్త గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుందని, కత్తిరించే ముందే తడిపి ఆరేస్తాం. ఇది సాగే రకమైతే ముందే సాగదీసేద్దాం."

"నేనూ లాగాను ఓసారి. మూడు తెంపాను."

"ఎక్కడ తెగుతుందో నా వేలికి తెలుసు."

"వేలికి తెలుసట," అని గొణిగి, అదీ తిట్టేనన్నట్టు ఇంకో సగం పోశాడు.

నలభై ఎనిమిది తీగలు. బిగించడం, వేలితో మెల్లగా లాగడం, జారిన శృతి ఎక్కించడం, మళ్ళీ లాగడం. మూడో విడతకి తీగ జారడం తగ్గింది, ఐదో విడతకి మొండికేసి నిలబడింది. చివరికి ఆ గదిలో ఈగలు కూడా శృతిలోనే తిరిగాయంటారు. నమ్మకపోతే మీ ఇష్టం.

నాలుగింటికి టీచరు వచ్చేసరికి షావుకారు పన్నెండూ వరసగా మీటుతున్నాడు. శృతి సరిచేసే మర ఒక్కదాన్నీ ఆయన చెయ్యి ముట్టలేదు. టీచరు ఒకటి అందుకుని పాటెత్తుకుంది, వాకిట్లో డ్రైవరు వ్యాను తలుపు మీద వేళ్ళతో తాళం వేశాడు.

వ్యాను వెళ్ళింది. టీ వచ్చింది. షావుకారు గటగటా తాగుతున్నాడు.

"బాబాయ్ గారూ, నా సగం?"

"తిట్టలేదుగా." అని గ్లాసు ఖాళీ చేసేశాడు.

టైలరమ్మ మెడలోని టేపు తీసి, కిటికీ పక్క బల్ల పైనున్న మేకుకి తగిలించింది.