హారికకు నిజం చెప్పిన గొంతు

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ విసుగు. భయం కాదు, విసుగే. తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు జువాలజీ చెప్పాను. స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే, పేపర్లు దిద్దుకోవాలని చెప్పి లేచి వెళ్ళిపోయేదాన్ని. అలాంటిది ఇప్పుడు నేనే ఒకటి చెప్పడానికి కూర్చున్నాను. నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అక్క పేరు రాజ్యలక్ష్మి. మేమంతా రాజీ అనేవాళ్ళం. భట్టిప్రోలు పక్కనే ఒక ఊళ్ళో వ్యవసాయం చేసుకునే కుటుంబంలోకి ఇచ్చారు. ఒక్కతే కూతురు, హారిక. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, హారిక ఒకటో తరగతి చదువుతుండగా, అక్కకి కిడ్నీలు పాడయ్యాయి. గుంటూరు ఆసుపత్రిలో కొన్ని వారాలు ఉంది. బావగారూ నేనూ మార్చి మార్చి దగ్గరున్నాం. తగ్గలేదు. పోయింది.

పిల్లకి చెప్పొద్దని పెద్దవాళ్ళంతా ఒక మాట అనుకున్నారు. కర్మకాండ అయ్యేదాకా హారికని బాపట్లలో మా అమ్మావాళ్ళింట్లో ఉంచారు. అమ్మ ఆసుపత్రిలో ఉందని, నయమయ్యాక వస్తుందని చెప్పారు. తిరిగి తీసుకొచ్చేసరికి దండ వేసిన ఫోటోని బీరువాలో చీరల వెనక పెట్టి తాళం వేశారు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. ఆ పసిదాని ముఖం చూసి ఆ మాట అనగలిగినవాళ్ళు ఇంట్లో లేరు, అంతే.

వేసవి సెలవులివ్వగానే నేను అక్కడికి వెళ్ళాను. హారిక చిక్కిపోయింది. పొద్దున పెట్టిన ఇడ్లీల్లో సగమే తినేది. మిగతావి స్టీలు డబ్బాలో పెట్టి మంచం కింద దాచేది. ఎవరికే అంటే, అమ్మకి అనేది. అవి పాడైపోతే వాళ్ళ నాన్నమ్మ చడీచప్పుడూ లేకుండా తీసి పారేసేవారు. మర్నాడు మళ్ళీ డబ్బా నిండేది.

ఒకరోజు పొద్దున్నే పిల్ల కనపడలేదు. పెరట్లో లేదు, పక్కిళ్ళలో లేదు. రోడ్డు వెంబడే కాలవ. మంచినీళ్ళకి వదిలినట్టున్నారు, గట్టు దాకా నీళ్ళున్నాయి. బావగారు చొక్కా కూడా వేసుకోకుండా కాలవ గట్టున పరిగెత్తడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కాసేపటికి ఊళ్ళో తెలిసినాయన హారికని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. మెయిన్ రోడ్డు మీద గుంటూరు బస్సు ఎక్కిందట. వెంట పెద్దవాళ్ళెవరూ లేరని కండక్టరు దింపి ఆయనకి అప్పగించాడట. భుజాన స్కూలు సంచి, అందులో ఇడ్లీ డబ్బా.

"ఇంక చెప్పాల్సిందే అత్తయ్యగారూ," అన్నాను అక్క అత్తగారితో.

"చెప్పి ఆ పసిగుండె పగలగొడతావా తల్లీ? కాస్త పెద్దదైతే అదే తెలుసుకుంటుంది," అని ఆవిడ ఏడ్చారు.

 బావగారు, "నువ్వే చెప్పు ప్రమీలా. నావల్ల కాదు," అని లేచి గొడ్ల చావిడి వైపు వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక హారికని వెనక వసారాలో కూర్చోబెట్టి తల దువ్వుతున్నాను. వీపు నా వైపు పెట్టి, నా మోకాళ్ళ మధ్య కూర్చుంది. అత్తయ్యగారు మధ్యగదిలో పడుకుని ఉన్నారు. తలుపు తెరిచే ఉంది. ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను. గుండె ఆగడం, ఊపిరి ఆగడం, శరీరం పనిచెయ్యకపోవడం. క్లాసులో ఎన్నిసార్లో చెప్పినవే. ఒక్కటీ నోటికి రావడం లేదు.

ఉన్నట్టుండి హారికే అడిగింది. "పిన్నీ, అమ్మకి ఆసుపత్రిలో అన్నం పెడుతున్నారా?"

నేను నోరు తెరిచాను. తర్వాత వచ్చిన మాటలు నేను కూడబలుక్కున్నవి కావు.

"ఇటు విను జాంపిందే," అన్నాను. "ఆ మధ్య ఫ్యానుకి తగిలి పిచ్చుక చచ్చిపోయింది, గుర్తుందా? ఆకుపచ్చ జాకెట్టు ముక్కలో చుట్టి కనకాంబరాల కింద పెట్టాం కదా. నువ్వేం అడిగావు? దానికి చలేస్తుందా అని అడిగావు. వెయ్యదని చెప్పానా లేదా? చలి వెయ్యదు, ఆకలి వెయ్యదు, నెప్పి ఉండదు. అమ్మ కూడా అలాగే చచ్చిపోయింది. నిద్రపోవడం కాదు. నిద్రపోతే లేస్తారు. ఇది అది కాదు."

నా చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది. మాటలు నా నోట్లోంచే వస్తున్నాయని తెలుస్తోంది. ఆ పిచ్చుకేమిటో, ఆ జాకెట్టు ముక్కేమిటో నాకు తెలియదు. హారికని 'జాంపిందె' అని నేను అంతకుముందు ఎప్పుడూ పిలవలేదు, ఇంకెవరు పిలవగానూ వినలేదు.

హారిక బెదరలేదు. వెనక్కి కూడా తిరగలేదు. "నేను అన్నం తినకుండా మారాం చేశాననా?" అంది.

"కాదే. నీవల్ల కాదు. ఎవరివల్లా కాదు. జబ్బు చేసింది. డాక్టర్లు మందులిచ్చారు, తగ్గలేదు."

"అయితే ఇంక రాదా?"

ఇక్కడే అత్తయ్యగారి మాటా నా మాటా కలవవు. "రాలేదు" అన్నానని నాకు గుర్తు. అత్తయ్యగారు "రాలేను" అని విన్నారు.

అదే క్షణంలో ఆవిడ మధ్యగదిలోంచి తూలుకుంటూ వచ్చారు. "రాజీ! వచ్చావటమ్మా?" అంటూ వచ్చి, గడప దగ్గర నన్ను చూసి ఆగిపోయారు. వసారా అంతా వెతుకుతున్నట్టు చూశారు. తర్వాత గడప మీదే కూలబడ్డారు. పోయేదాకా ఆవిడ ఒకే మాట చెప్పారు. తను నిద్రపోలేదని, మొదటినుంచీ వింటూనే ఉన్నానని, అది తన కోడలి గొంతేనని.

అక్కాచెల్లెళ్ళ గొంతులు ఒకేలా ఉంటాయి కదా అని మీరు అనొచ్చు. మావి ఉండవు. అక్కది కాస్త బొంగురుగా ఉండే నిండు గొంతు. నాది సన్నం, వెనక బెంచీలకి వినపడటం లేదని పిల్లలు ఎప్పుడూ గొడవ చేసేవాళ్ళు. ఫోనులో కూడా మమ్మల్ని ఎవరూ ఒకళ్ళనుకుని ఇంకొకళ్ళని పలకరించలేదు.

హారిక అప్పుడు నా వైపు తిరిగి, నా ఒళ్ళో ముఖం పెట్టుకుని ఏడ్చింది. అన్ని వారాల్లో ఆ పిల్ల ఏడవడం అదే మొదలట. బాగా ఏడిచింది. నేనూ ఏడ్చాను. అత్తయ్యగారు వచ్చి మా ఇద్దర్నీ కలిపి పట్టుకున్నారు. ఏడుపు విని వచ్చిన బావగారు లోపలికి వెళ్ళి బీరువా తాళం తీసి ఫోటో తెచ్చారు. "నాకు చూపించలేదేంటి నాన్నా?" అని అడిగింది హారిక. ఆయన మేకూ సుత్తీ తెచ్చారు. గోడకి ఎక్కడ తగిలించాలో అదే చెప్పింది. ఆ రాత్రి పెట్టిందంతా తినేసి పడుకుంది. మంచం కింద డబ్బా మళ్ళీ కనపడలేదు.

మర్నాడు పిచ్చుక గురించి మెల్లిగా అడిగాను. నేనూ అమ్మే పెట్టాం, అంది. అమ్మ ఆసుపత్రికి వెళ్ళకముందు. నాన్న పొలంలో ఉన్నాడు. చచ్చిన పిట్టని ముట్టుకున్నామని తెలిస్తే నాన్నమ్మ ఇల్లంతా కడిగిస్తుందని ఎవరికీ చెప్పొద్దనుకున్నారు. కనకాంబరాల దగ్గరికి తీసుకెళ్ళి చోటు కూడా చూపించింది. బావగారు చిన్న గునపంతో మట్టి తీశారు. ఆకుపచ్చ గుడ్డ, మట్టి పట్టిన ఈకలు కొన్ని. ఆయన ఆ గుడ్డని గుర్తుపట్టారు, అక్క జాకెట్టుదే. మళ్ళీ మట్టి కప్పేశారు. జాంపిందె అనే పిలుపు ఆయనకీ తెలియదు. "అమ్మా నేనూ ఇద్దరమే ఉన్నప్పుడు అలా పిలుస్తుంది," అంది హారిక. ఆ 'పిలుస్తుంది' వినగానే బావగారు అటు తిరిగిపోయారు.

నేను ఊరికే వదిలిపెట్టే మనిషిని కాను. చాలాసార్లు ఆలోచించాను. ఆసుపత్రిలో అక్క జ్వరం మగతలో ఏదో గొణిగి ఉంటుంది, నేను విని మరిచిపోయి ఉంటాను, సమయానికి పైకి వచ్చి ఉంటుంది. ఇలా జరగొచ్చని ఒప్పుకుంటాను. కానీ నా ముందు ఆమె పిచ్చుక మాట ఎత్తిన గుర్తు నాకు ఎంత వెతికినా దొరకలేదు. పోనీ దొరికినా, అత్తయ్యగారు విన్న గొంతు సంగతి మిగిలే ఉంటుంది.

తర్వాత రోజుల్లో హారిక ప్రశ్నలు ఆగలేదు. కాల్చినప్పుడు అమ్మకి మండుతుందా? నాన్న కూడా చచ్చిపోతాడా? నువ్వు? వాటన్నిటికీ నా సన్నని గొంతుతో, తడబడుతూ నేనే జవాబులు చెప్పుకున్నాను. తెలిసినవి తెలుసన్నాను, తెలియనివి తెలియవన్నాను. మొదటి మాట పడ్డాక మిగతావి చెప్పడం అంత కష్టమనిపించలేదు. ఆ మొదటి మాట నా అంతట నేను అనగలిగేదాన్ని కాదు. ఇంకా కొన్నాళ్ళు వాయిదా వేసేదాన్ని. ఈసారి పిల్ల ఏ బస్సు ఎక్కేదో, ఏ కాలవ గట్టున నడిచేదో. అది తలుచుకున్నప్పుడల్లా, నాకు తెలియని ఎవరికో దణ్ణం పెట్టుకుంటాను. నేను గుళ్ళకి పెద్దగా వెళ్ళే మనిషిని కాను. అయినా పెట్టుకుంటాను.

హారిక రేపల్లెలో ఇంటర్ చదువుతున్నప్పుడు వాళ్ళ నాన్నమ్మ పోయారు. ఇల్లంతా జనం. వాళ్ళ బాబాయి కొడుకు, నాలుగేళ్ళవాడు, నాన్నమ్మని లేపండని గోల చేస్తున్నాడు. వాణ్ణి పక్కింటికి పంపించెయ్యమని ఎవరో అన్నారు. హారిక ఒప్పుకోలేదు. చెయ్యి పట్టుకుని అరుగు మీదికి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుని, వాడు అడిగినవాటికి ఒక్కోదానికీ ఓపిగ్గా చెప్పింది. తర్వాత తనే లోపలికి తీసుకొచ్చి నాన్నమ్మ పాదాలకి దణ్ణం పెట్టించింది.

జనం తగ్గాక నా పక్కకి వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"పిన్నీ, ఆ రోజు నాకు చెప్పింది నువ్వేనా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నాకు తెలియదమ్మా," అన్నాను.

 హారిక నా భుజం మీద తల పెట్టుకుంది. "ఎవరైతే ఏంటిలే. చెప్పారు కదా," అంది.

నాకూ ఈరోజుకి అంతకన్నా తెలియదు.