తాగలేదండీ, తిన్నాను

దసరా నుంచి దీపావళి దాకా మా ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగోకపోవడానికి వీల్లేదు. తాడేపల్లిగూడెంలో మాది బట్టల కొట్టు. ఏడాదంతా ఒక ఎత్తు, ఆ మూడు వారాలూ ఒక ఎత్తు. ఆ రోజుల్లో నాకు జ్వరం వస్తే మా ఆయన "పండగయ్యాక చూద్దాంలే" అనేవారు, నాతో కాదు, జ్వరంతో చెబుతున్నట్టు. అలాంటి ఇంట్లో, సరిగ్గా అలాంటి రోజులు చూసుకుని, నా మూత్రపిండాలు చేతులెత్తేశాయి. పేరులోనే పిండం పెట్టుకున్నవాటిని అంతకాలం నమ్మడం నాదే పొరపాటు.

రోజు విడిచి రోజు రైలెక్కి ఏలూరు వెళ్ళి, ఆసుపత్రిలో డయాలసిస్ మిషను పక్కన పూటంతా పడుకుని వచ్చేదాన్ని. మొదట్లో భయం వేసేది. పోనుపోను భయం పోయి విడ్డూరం మిగిలింది. నా రక్తం నా కళ్ళముందే సన్నటి గొట్టంలోంచి బయటికి వెళ్ళి, ఊరు చూసొచ్చినట్టు ఇంకో గొట్టంలోంచి ఇంటికొచ్చేది. పుట్టిన దగ్గర్నుంచీ చీకట్లోనే తిరిగింది పాపం, ఇప్పటికి దానికీ కాస్త వెలుతురు దక్కింది. ఆ గొట్టం మీద వేలు పెడితే వెచ్చగా ఉండేది. నన్ను నేనే బయటినుంచి ముట్టుకున్నట్టు, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేదాన్ని.

ఈ జబ్బులో మందులకన్నా కష్టం నీళ్ళు. లోపలికి వెళ్ళిన నీటికి బయటికి పోయే దారి లేదు కనుక రోజు మొత్తానికీ ఓ చిన్న సీసాడే తాగాలన్నారు. నోరెండిపోతే ఐసుముక్క చప్పరించమన్నారు. అంతకుముందు ఎవరేం అడిగినా జవాబు చెప్పలేక నీళ్ళు నమిలేదాన్ని. ఇప్పుడు ఆ పని నిజంగానే మొదలుపెట్టాను.

మావాళ్ళు నాకు గట్టి కాపలాయే కాశారు. దసరాకి ఆకివీడు నుంచి వచ్చిన మా తోడికోడలు, గ్లాసులన్నీ నా చేతికందకుండా పై అరలో పెట్టేసింది. ఆ తర్వాత అదే చేత్తో పాయసం గిన్నె తెచ్చి నా ముందుంచింది.

"నీళ్ళు కూడదన్నారమ్మా నాకు" అన్నాను.

"ఇవి నీళ్ళు కాదు కదక్కయ్యా, పాలు. పైగా సేమియా ఉంది, తినండి."

"మరి ఆ చారు?"

"చారు అన్నంలోకి కదండీ. తాగుతున్నారా ఏంటి?"

నాకది ఎంతో సబబుగా తోచింది. తప్పు ఆమెది కాదు, నాదీ కాదు, మా మాటలోనే ఉంది. మేం చారన్నం తింటాం, పులుసన్నం తింటాం, మజ్జిగ పోసుకుని తింటాం, పాయసమూ తింటాం. తాగేవి మంచినీళ్ళూ కాఫీయే. ద్వారకా తిరుమల వెళ్ళొచ్చిన చుట్టాలు తెచ్చే తీర్థమైతే అసలు తాగేదీ కాదు, తినేదీ కాదు. పుచ్చుకునేది. సీసాలోంచి మాత్రం గుక్కలు లెక్కపెట్టుకుని తాగుతూ, పండగంతా హాయిగా తిన్నాను, భక్తిగా పుచ్చుకున్నాను.

మిషను తీసినంత తీసినా ప్రతిసారీ కాస్త నీరు లోపలే మిగిలిపోతూ వచ్చింది. దీపావళికి ముందురోజు ఏలూరులో తూకం మీద నిలబడితే, అక్కడి సిస్టరు ముల్లుకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసింది.

"ఏం తాగారమ్మా?"

"ఏమీ తాగలేదండీ."

"మరి ఈ బరువేంటండీ? మీ డ్రై వెయిట్ ఎంతో తెలుసు కదా?"

ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువుని అలా అంటారట. బట్టల కొట్టువాళ్ళం, డ్రై వాష్ గురించి అడిగితే చెప్పగలను. "తాగలేదండీ, తిన్నానంతే" అన్నాను.

"ఏం తిన్నారు?"

వరసగా చెప్పుకొచ్చాను. ఆవిడ కలం ఆపి, నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. "అంటే గుండిగెడు నీళ్ళు తిన్నారన్నమాట" అంది.

డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతోందనీ, అంతా ఒక్కరోజులో తీస్తే గుండె తట్టుకోదనీ, మిగిలింది తీయడానికి మర్నాడు కూడా రావాలనీ చెప్పారు.

"రేపు దీపావళండీ" అన్నాను.

"ఎల్లుండి కూడా మీకు పండగలాగే ఉండాలంటే రేపు రండమ్మా" అన్నారాయన.

దీపావళి సాయంత్రం మా అత్తగారింట కేదారేశ్వర నోము. అత్తయ్యగారు ఆకివీడులో మా మరిదిగారింట్లో ఉంటారు. ఎనభై దాటాయి. కింద కూర్చుంటే లేవలేరు, లేస్తే కూర్చోలేరు. అందుకని ఈ ఏడు నన్ను పీట మీద కూర్చోబెట్టి నోము నాకు అప్పగిస్తానన్నారు. తరాలుగా అత్త చేతిలోంచి పెద్దకోడలి చేతికి వచ్చిన నోము అది. నేనెన్నాళ్ళుంటానన్నది డాక్టరుగారిని ఏనాడూ అడగలేదు. ఆ పీట మీద ఒక్కసారైనా కూర్చోకుండా పోకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. అంతా సిద్ధం చేసుకున్నాక పాయసం నన్ను ముంచింది.

మా ఆయన ఆకివీడుకి ఫోన్ చేసి సంగతి చెప్పారు.

"ఎప్పటికవుతుందిట?" అన్నారు అత్తయ్యగారు.

"పండగ కదమ్మా, మనుషులు తక్కువ. పొద్దెక్కాక గానీ మొదలెట్టరుట."

"చుక్క పొడిచేదాకా చూస్తాను. ఆపైన చిన్నదాన్ని కూర్చోబెడతాను. దేవుణ్ణి ఎంతసేపని ఎదురుచూడమంటాం?"

వెనకనుంచి మా తోడికోడలి గొంతు. "నేను కూర్చోనండీ అత్తయ్యగారూ. అక్కయ్యగారొస్తారు."

"నిన్నడిగానా నేను?"

నేను ఫోన్ అందుకుని, ఏమీ తినకుండా పడుకుంటే మిషను మీద బీపీ పడిపోతుందనీ, తినక తప్పదనీ చెప్పాను.

"ఏం పెడతారక్కడ?"

"ఉప్మా అండీ. ఈసారికి నాది ఉపవాసం కాదు, ఉప్మావాసం."

ఆవిడ నవ్వలేదు. "మందులోకి తిన్నది తిండి కాదు. తినేసి రా" అన్నారు. మా ఇంట్లో ఏది తిండో, ఏది కాదో తేల్చే శాస్త్రం ఎక్కడ మొదలైందో నాకప్పుడు అర్థమైంది.

మర్నాడు ఆసుపత్రిలో సగం మంచాలు ఖాళీ. బయట ఎక్కడో పిల్లలు అప్పుడే టపాకాయలు మొదలెట్టారు. మిషను మీద అంకె, తీసిన నీటి లెక్క, నెమ్మదిగా పెరుగుతుంటే, ఇదిగో ఇది నవమి నాటి పాయసం, ఇది మేనత్తగారి మజ్జిగ పులుసు అని పంచుకుంటూ పడుకున్నాను. ఆశలకి నీళ్ళొదులుకోవడం అందరూ చేసేదే. నేను ఆశ దక్కించుకోవడానికి నీళ్ళొదులుకుంటున్నాను.

చివర్లో బీపీ పడిపోయింది. కాళ్ళు కొంకర్లు పోయాయి. లేస్తానంటే లేవనివ్వలేదు. కిటికీలో ఎండ పచ్చబడుతోంది. బయటికొచ్చేసరికి మా ఆయన కారు తలుపు తీసి నిలబడి ఉన్నారు.

"కొట్టెవరు చూస్తున్నారండీ?" అన్నాను.

"మూసేశాను."

దీపావళినాడు మా కొట్టు షట్టరు దించడమన్నది నా కాపురంలో నేను వినలేదు.

కొల్లేరు మీదుగా కైకలూరు వైపు బయల్దేరాం. చెరువుల గట్లు దాటాక ఒక్కసారిగా రెండు పక్కలా నీళ్ళు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీరు ఎక్కడ మొదలైందో గీత లేదు. మధ్యలో ఒంటికాలి మీద కొంగలు, దూరంగా తెల్లటి గుంపుగా గూడబాతులు. అవి లేచాయి. అంత బరువైన పక్షులు, నీటి మీద పరిగెత్తి పరిగెత్తి, ఇక లేవలేవనుకున్న చోట లేచాయి. వాటి రెక్కల కింద సూర్యుడు ఎర్రగా వెళ్ళిపోతున్నాడు.

"ఆపకండి" అన్నాను.

"ఆపట్లేదు. నువ్వు చూడు" అన్నారు, కారు మాత్రం నెమ్మది చేశారు.

పుట్టి బుద్ధెరిగాక ఎన్నిసార్లు వెళ్ళానో ఆ దారిలో. కొల్లేరంటే చేపలూ, రోడ్డు మీద లారీలూ అనుకునేదాన్ని. ఆవేళ కళ్ళతో తాగాను, ఆ మాట ఆ ఒక్కసారికి నాకు చెల్లుతుంది. అన్ని వాగులూ తెచ్చి ఇందులో పోస్తాయి. సముద్రంలోకి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అది సరిగా పారబట్టి ఇంత నీరూ ఇలా నిశ్చింతగా పడుకుంది. నాలోనూ ఒక ఉప్పుటేరు ఉండేదనీ, అది ఏ చప్పుడూ లేకుండా ఇన్నేళ్ళు నన్ను మోసిందనీ అప్పుడనిపించి, ఇంత పెద్దదాన్ని, కారులో కూర్చుని చేతులు జోడించాను.

ఆకివీడు చేరేసరికి చీకటి పడిపోయింది. అమావాస్య ఆకాశం నిండా చుక్కలు. ఆలస్యమైపోయిందనే అనుకుని గుమ్మంలో ఆగిపోయాను. లోపల అంతా సిద్ధంగా ఉంది. బూరెలు, పసుపు పూసిన తోరాలు, కలశం. దీపం వెలిగించలేదు. పీట ఖాళీగా ఉంది. పక్కన కుర్చీలో అత్తయ్యగారు.

"చుక్కలు పొడిచాయి కదండీ" అన్నాను.

"ఏమో, నాకేం కనపడలేదు. మబ్బేసినట్టుంది" అన్నారావిడ.

మా తోడికోడలు నా చెవి దగ్గరికొచ్చింది. "ఆకాశం చూడమంటే కళ్ళజోడు తీసి దిండు కింద పెట్టేశారక్కయ్యా. మమ్మల్నెవర్నీ వాకిట్లోకి వెళ్ళనివ్వలేదు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదావిడ."

కాళ్ళు కడుక్కొచ్చి పీట మీద కూర్చున్నాను. పూజయ్యాక అత్తయ్యగారు కుర్చీలోంచి వంగి, తోరం కడదామని నా కుడిచెయ్యి అందుకున్నారు. ఆ మణికట్టు దగ్గరే రెండు నరాలు కలిపి ఆపరేషను చేశారు, మిషను కోసం. దానికి గాజు వేయకూడదు, దారం కట్టకూడదు. చెబుదామనేలోపే ఆవిడ వేళ్ళు దాని మీద పడ్డాయి.

వేళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ చోట లోపల రక్తం జుమ్మని కొట్టుకుంటుంది, నిద్రలో కూడా ఆగదు.

"ఇదేమిటమ్మాయ్, ఎవరో మోగిస్తున్నట్టుంది" అన్నారు మెల్లగా.

"అదే నన్ను బతికిస్తోందండీ. దానికి కట్టకూడదట."

ఆవిడ తోరం నా ఎడమచేతికి కట్టి ముడేశారు. కుడిచెయ్యి మాత్రం వదల్లేదు. తన అరచేతిని దాని మీద బోర్లించి కళ్ళు మూసుకున్నారు. మా మరిదిగారు నోము కథ చదవబోతే, ఉండమన్నట్టు రెండో చెయ్యి ఎత్తారు. అందరం అక్షింతలు పట్టుకుని, ఆవిడ వినడం అయ్యేదాకా అలాగే కూర్చున్నాం.