క్రాసు దాకా తోడొచ్చిన పెద్దమ్మ

పోయిన సోమవారం పొద్దున, బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళ్తుండగా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పెద్దమ్మ పోయింది. సాయంత్రంలోగా మట్టి చేస్తారంట. ఎండలు శానా ఉండాయి, పెట్టుకోలేరు."

నేను పనిచేసేది పులివెందుల దగ్గర. మా ఊరు పత్తికొండ అవతల. మూడు బస్సులు మారి తారురోడ్డు నుంచి మా ఊరి దారి చీలే క్రాసు దగ్గర దిగేసరికి నాలుగు దాటింది. అక్కడి నుంచి ఊరికి నాలుగు కిలోమీటర్ల మట్టిరోడ్డు. ఆటో కోసం చాలాసేపు చూసి, చివరికి నడిచాను. నేను ఊళ్లో అడుగుపెట్టేసరికి, మట్టికి పోయినవాళ్లు స్నానాలు చేసి తడిబట్టలతో ఎదురొస్తున్నారు.

పెద్దమ్మ నాకు రక్తసంబంధం కాదు. మా పక్కిల్లు. పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోయాడు. రెండెకరాల మెట్టచేను, అందులో వానను బట్టి వేరుశనగో టమోటానో, ఒక్కతే కూతురు. అదీ ఆమె సంసారం. మాట పెద్దది. ఆమె ఇంట్లో గుసగుసలాడినా మా ఇంట్లోకి వినపడేది. క్రాసుకు బయల్దేరితే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, తారురోడ్డు వచ్చాక తొడుక్కునేది. ఎందుకని అడిగితే, "రోడ్డు మీద నలుగురు సూచ్చారు గదమ్మా, అందుకే" అనేది.

ఆమె కూతురు నాకంటే రెండేళ్లు పెద్ద. పది పాసై పత్తికొండలో ఇంటర్‌లో చేరింది. రోజూ క్రాసు దాకా నడక. అక్కడ స్టాపు లేదు. డ్రైవరుకు మనసు పుడితే బస్సు ఆగేది, లేకపోతే లేదు. ఒక వానాకాలం సాయంత్రం తిరుగు బస్సు దొరక్క, ఆ పిల్ల ఎవరి ట్రాక్టరో ఎక్కి, చీకటి పడ్డాక ఒక్కతే తడుస్తూ ఇల్లు చేరింది. మర్నాడు ఊళ్లో నాలుగు రకాల మాటలు పుట్టాయి. వారం తిరక్కుండా పెద్దమ్మ ఆమెను కాలేజీ మాన్పించింది. ఏడాదికి ఊళ్లోనే మేనమామకిచ్చి పెళ్లి చేసింది.

రెండేళ్లకు నేను పది పాసయ్యాను. మా నాయన కూడా అదే మాట అన్నాడు, చదివింది చాలని. ఆ పొద్దు పెద్దమ్మ మా గడపలోకి వచ్చి కూర్చుంది.

"ఏమప్పా, పిల్లను మాన్పిస్తాండావంట?"

"బస్సు యాడుండాదమ్మా? నీ బిడ్డకైంది సూడలేదా?"

"సూసినా. నేనే మాన్పిస్తి. అది ఇప్పుడు పేడకళ్లు తీస్తాంటే నా కడుపు కాలుతుండాది. ఈ పిల్లను నేను తోడుకపోతా. బస్సు ఎక్కించేది నా పని. నువ్వు ఊరికే ఉండు."

చెప్పినట్టే చేసింది. నన్నూ ఇంకో ముగ్గురు ఆడపిల్లల్నీ వెంటబెట్టుకుని రోజూ క్రాసుకు వచ్చేది. బస్సు ఎక్కించి, ఆ నాలుగు కిలోమీటర్లూ వెనక్కి నడిచి చేనుకు పోయేది. సాయంత్రం మేం నలుగురం ఒకే బస్సు దిగి కలిసి నడిచొచ్చేవాళ్లం. మొదటి వారంలోనే వరసగా మూడు రోజులు బస్సు ఆపకుండా పోయింది. నాలుగో రోజు దూరాన బస్సు కనపడగానే పెద్దమ్మ రోడ్డు మధ్యకు పోయి నిలబడింది. బస్సు ఆమెకు బారెడు దూరంలో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"సచ్చిపోతావా ఏమమ్మా? ఈడ స్టాపు ల్యాదు."

"ల్యాకుంటే పెట్టప్పా. ఈ పిల్లోల్లు మనుసులు కాదా?"

 బస్సు ఎక్కి వెనక్కి తిరిగితే పెద్దమ్మ రోడ్డు పక్కన చతికిలబడి ఉంది.

తర్వాత ఊళ్లోకే బస్సు వేయమని ఆమె బస్సు డిపో చుట్టూ తిరిగింది. అర్జీ నేను రాశాను, ఆమె వేలిముద్ర వేసింది. అక్కడి సారు, "మీ ఊరికి బస్సేస్తే ఎంతమంది ఎక్కుతారమ్మా?" అన్నాడు. "బస్సొస్తే గదా సామీ, ఎంతమంది ఎక్కుతారో తెలిసేది" అంది. ఆయన నవ్వలేదు. దారిలో వంక దాటేచోట రోడ్డు బాగు చేసుకుని రమ్మన్నాడు. పెద్దమ్మ ఇంటింటికీ తిరిగి మనుషుల్ని లేపింది. ఇరవై రోజులు రాళ్లు, గరుసు మట్టి మోశారు. ఆమె చేతులు పుండ్లయ్యాయి.

నేను ఇంటర్ రెండో ఏడులో ఉండగా ఊళ్లోకి బస్సు వచ్చింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. టెంకాయ కొట్టారు, ముందు అద్దానికి పసుపు పూశారు. పెద్దమ్మ కూతురు చంకలో బిడ్డతో వచ్చి బస్సును కాసేపు చూసింది.

"మూడేండ్ల ముందే వొచ్చింటే..." అని, ఆ మాట పూర్తి చేయకుండా ఇంటికి వెళ్లిపోయింది.

అందరూ పెద్దమ్మను ఎక్కమన్నారు. ఆమె ఎక్కలేదు. కూతురు పోయిన దిక్కే చూస్తూ నిలబడింది.

ఆ బస్సులోనే నా డిగ్రీ అయింది, టీచరు శిక్షణ అయింది. మా ఊరి నుంచి ఇంకా ఎందరో చదువుకున్నారు. కరోనాకు ఆగిన బస్సు మళ్లీ రాలేదు. అడిగితే, జనం ఎక్కడం లేదన్నారు. మగవాళ్లకు మోటారు సైకిళ్లు వచ్చాయి. ఆడవాళ్లు, ముసలివాళ్లు ఆటోల కోసం చూడ్డం మొదలుపెట్టారు. ఈమధ్య ఆడవాళ్లకు బస్సు టికెట్టు అక్కర్లేదన్నారని ఫోన్లో చెబితే పెద్దమ్మ నవ్వింది.

"టికెట్టు ల్యాదు సరే, బస్సు గూడా ల్యాదు గదమ్మే."

అప్పటికే ఆమెకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి పోయి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఊళ్లోంచి ఆటో, క్రాసు నుంచి బస్సు, బస్సు దిగాక మళ్లీ ఆటో. నేను ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదాన్ని.

"ఆసుపత్రికి పోయొచ్చినావా పెద్దమ్మా?"

"పోయొచ్చినాలేమ్మా. నువ్వు తిన్యావా?"

నా దగ్గరకు వచ్చి ఉండమన్నాను. ఆ మాట ఒక్కసారే అన్నాను. గట్టిగా అని ఉండాల్సింది.

మట్టి చేసిన రోజు రాత్రి ఆమె కూతురు చెప్పింది. "వారానికి రెండుసార్లు యాడ పోయిందమ్మే? ఒకసారి పోతే గొప్ప. ఆటోలో పదిమందిలో ఇరుక్కొని కూసుంటే పానం పోతాండాదనేది. కడాకు నెలకు పైన పోనేల్యా. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకుండ్య."

మాకోసం రోజూ ఎనిమిది కిలోమీటర్లు నడిచిన మనిషి, తనకోసం ఎవరినీ నాలుగడుగులు వేయనివ్వలేదు. నేను ఈ రోజు నల్లబల్ల ముందు నిలబడి నలుగురికి చదువు చెబుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఆ మాట ఆమె బతికుండగా ఒక్కసారీ చెప్పలేదు. చెప్పి ఉంటే, "ఊరుకోమ్మే" అని కసిరి ఉండేది.

మర్నాడు తెల్లవారక ముందే నేను బయల్దేరాను. ఆమె కూతురు, తొమ్మిదో తరగతి చదివే తన చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని నన్ను సాగనంపడానికి క్రాసు దాకా వచ్చింది.  బస్సు వస్తుండగా అడిగింది.

"దీనికి వచ్చే ఏడు పదైపోతాది. ఆపైన యాడ సేర్పించేదమ్మే?"

 బస్సు ఆగింది, ఎక్కాను. కిటికీలోంచి చూస్తే తల్లీ బిడ్డా ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లు నా బస్సును చూడటం లేదు. ఊరికి పోయే మట్టిరోడ్డు వైపు తిరిగి, ఆ పిల్ల తల్లి చేతిని పట్టుకుని ఉంది. అప్పుడే పొద్దు పొడుస్తోంది. ఆ దారిన కనుచూపు మేరలో ఏ బండీ లేదు.